పళ్లు చెప్పేవి, చెప్పనివి

జువాలజీలో ఎం.ఎస్సీ. చదువుతున్నానంటే మా ఊళ్లో అందరూ "పశువుల డాక్టరువవుతావా?" అని అడుగుతారు. కాదని చెప్పడం తేలికే, మరి ఏం చదువుతున్నానో చెప్పడమే కష్టం. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా చదువులో నాకు బాగా నచ్చిన ఒక విషయం చెబుతాను. అది అడవికుక్కల పళ్ల సంగతి.

పళ్లు చూడటం మా ఇంట్లో కొత్త విద్య కాదు. మా నాన్న బడి మెట్లు ఎక్కలేదు. కానీ సంతలో కోడె నోరు తెరిచి రెండు పళ్లదో, నాలుగు పళ్లదో, ఆరు పళ్లదో చూసి వయసు చెప్పేస్తాడు. శాస్త్రజ్ఞులు ఇంకొంచెం ముందుకు వెళ్లి, పుర్రెలు పక్కపక్కన పెట్టి, పళ్లు లెక్కపెట్టి, ఏ జంతువు ఏ ప్రజాతిదో తేలుస్తారు.

మన ఊరకుక్కకు, తోడేలుకు, నక్కకు 42 పళ్లు. నల్లమల అడవుల్లో గుంపులుగా వేటాడే రేచుకుక్కకు 40 మాత్రమే. కింది దవడలో రెండువైపులా చివరి చర్వణకం ఉండదు. మూతి కూడా పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. కుక్క, తోడేలు ఉన్న 'కేనిస్' ప్రజాతిలో కాకుండా దీన్ని 'క్యువాన్' అనే వేరే ప్రజాతిలో ఉంచారు. ఆ పేరు పెట్టింది హాడ్జ్‌సన్, 1838లో.

కింది దవడలో మాంసం కోసే పెద్ద చర్వణకం ఒకటుంటుంది. ఊరకుక్కలో ఆ పన్ను వెనుక భాగాన రెండు మొనలుంటాయి. అవి నూరడానికి పనికొస్తాయి. రేచుకుక్కలో అక్కడ కత్తి అంచులాంటి మొన ఒక్కటే. ఆఫ్రికా అడవికుక్కకు, దక్షిణ అమెరికాలోని బుష్ డాగ్‌కు కూడా అలాంటి పన్నే ఉంది. ఇది చూసి 1945లో జార్జి గేలార్డ్ సింప్సన్ ఈ మూడింటినీ ఒకే ఉపకుటుంబంలో చేర్చాడు.

2005లో కుక్క జన్యుక్రమంతో పాటు దాని బంధువుల వంశవృక్షం కూడా వెలువడింది. రేచుకుక్క, ఆఫ్రికా అడవికుక్క తోడేలు వైపువని తేలింది. బుష్ డాగ్ మాత్రం దక్షిణ అమెరికా శాఖది. దాని దగ్గరి చుట్టం పొడుగు కాళ్ల మేన్డ్ వుల్ఫ్, అది పళ్లు కాయలు కూడా బాగా తింటుంది. అంటే పన్ను అబద్ధం చెప్పలేదు. ఏం తిని బతుకుతున్నదో చెప్పింది. మనం దాన్ని పుట్టుక అడిగాం.

ఇది పుస్తకాల్లో పేర్ల గొడవ మాత్రమే కాదు. మన నక్క, ఉత్తర ఆఫ్రికా నక్క రూపంలోను, పుర్రెలోను ఒకేలా ఉండటంతో రెండూ ఒకే జాతి అనుకున్నారు. ఆఫ్రికాది వేరే జాతి అని, అది తోడేలుకే దగ్గరని 2015లో డీఎన్ఏ చెప్పింది. వేరే పేరు లేని జంతువును ఎవరూ వేరుగా లెక్కపెట్టరు. లెక్కలో లేనిది తగ్గిపోతున్నా ఎవరికీ తెలియదు.

అలాగని పుర్రెలు పనికిరావని కాదు. లక్షల ఏళ్ల నాటి ఎముకల్లో డీఎన్ఏ చాలావరకు మిగలదు. గట్టి ఎనామిల్ ఉన్న పళ్లే మిగులుతాయి. వాటిని చదవడం రావాలి, అవి ఎంతవరకు చెప్పగలవో కూడా తెలియాలి.

పైకి కనిపించే గుర్తు చూసి పుట్టుక నిర్ణయించడం, పుట్టుక చూసి మనిషిని నిర్ణయించడం మన హాస్టల్ పిల్లలకు తెలియని సంగతి కాదు. జువాలజీ లెక్కలో మాత్రం మనుషులంతా ఒకే జాతి. పెద్దయ్యాక ఎవరికైనా దంత సూత్రం ఒకటే, పళ్లు 32.

ఈసారి సెలవులకు ఇంటికెళ్లినప్పుడు మేక నోరు తెరిచి చూడండి. పై దవడలో ముందు పళ్లు ఉండవు. ఎందుకుండవో మీ సైన్సు సారును అడగండి. చదువు అక్కడి నుంచి కూడా మొదలుపెట్టవచ్చు.