ఎర్రటోపీ పిల్ల, రెండోసారి

చూసిన సినిమా మళ్ళీ చూస్తే ఎవరూ ఏమీ అనరు. చదివిన పుస్తకం మళ్ళీ చదివితే "అబ్బో" అని మెచ్చుకుంటారు కూడా. అదే, తొంభై గంటలు పెట్టి పూర్తిచేసిన వీడియో గేమ్‌ని మళ్ళీ మొదట్నుంచీ ఆడుతున్నానని చెప్పండి, మీవైపు ఎలా చూస్తారో! మా టీమ్‌లో ఒకాయనైతే "ఆ టైంలో ఏదో ఒక సర్టిఫికేషన్ చేసుకోవచ్చుగా బాబూ" అన్నాడు. చేసుకోవచ్చు, కాదనను. కానీ రెండోసారి ఆడినప్పుడు నాకు తెలిసొచ్చిన సంగతి ఏ సర్టిఫికేషన్‌లోనూ లేదు. అందుకే ఈ సోదంతా.

ఆట పేరు డ్రాగన్ క్వెస్ట్ 11. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1986లో జపాన్‌లో మొదలైన సిరీస్ ఇది. కథ, ఆట నడక యూజీ హోరీది. మనుషుల బొమ్మలు, రాక్షసుల బొమ్మలు అకిరా తొరియామావి (మన డ్రాగన్ బాల్ జెడ్ తొరియామానే). సంగీతం కొయిచీ సుగియామాది. ముప్ఫై ఏళ్ళకు పైగా ఈ ముగ్గురే దానికి మూలస్తంభాలు. సుగియామా 2021లో, తొరియామా 2024 మార్చిలో పోయారు. పదకొండో భాగం జపాన్‌లో 2017 జూలైలో వచ్చింది. ప్లేస్టేషన్ 4లో పూర్తి త్రీడీ. నింటెండో 3డీఎస్ అనే చిన్న మెషీన్‌లో మాత్రం త్రీడీతో పాటు టూడీ కూడా, అంటే 1990ల్లో వచ్చిన ఆటల్లాగా చుక్కల బొమ్మలతో. ఆ టూడీ మొదట్లో బయటి దేశాలవాళ్ళకి దక్కలేదు. 2019లో స్విచ్ మెషీన్‌కీ, 2020 డిసెంబర్‌లో పీసీకీ 'ఎస్' అనే పెద్ద ఎడిషన్ వచ్చినప్పుడు రెండూ కలిపి ఇచ్చారు. ఆట మొదలుపెట్టేటప్పుడే అడుగుతుంది, త్రీడీనా టూడీనా అని. మధ్యలో మారాలన్నా చర్చికి వెళ్ళి మారొచ్చు. కాకపోతే ఎంచుకున్న అధ్యాయం మొదటికి వెళ్ళి అక్కణ్ణుంచి మళ్ళీ ఆడాలి.

మన భాషలో చెప్పాలంటే బ్యాకెండ్ ఒకటే, ఫ్రంటెండ్‌లు రెండు. అవే ఊళ్ళు, అవే మాటలు, అవే రాక్షసులు. యూఐ మార్చినంత మాత్రాన ప్రాజెక్టు మారదని క్లయింటుకి ఎన్నోసార్లు చెప్పుంటాం. నేనూ అదే అనుకుని మొదలుపెట్టాను.

మొదటిసారి ఆడింది 2021లో, మా ఊళ్ళో. మాది టేకులపల్లి, ఇల్లందు నుంచి కొత్తగూడెం వెళ్ళే రోడ్డు మీద. మేం చదువుకునేటప్పుడు ఖమ్మం జిల్లా, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. వర్క్ ఫ్రమ్ హోమ్ రోజులు. పగలు డాబా మీద సిగ్నల్ వెతుక్కుంటూ కాల్స్, రాత్రి భోజనాలయ్యాక ముందు గదిలో లాప్‌టాప్, పక్కనే నులక మంచం మీద తాతయ్య. త్రీడీలోనే ఆడాను. నిజంగా కళ్ళు చెదిరే ఆట. గడ్డి గాలికి ఊగుతుంది, పట్నం మెట్ల వీధుల్లో పిల్లులు తిరుగుతుంటాయి.

తాతయ్యకి ఇవేవీ కనబడవు. రెండు కళ్ళకీ శుక్లాలు, పైగా ఆపరేషన్ అంటే భయం. లాప్‌టాప్ వెలుతురు తప్ప బొమ్మ ఆనేది కాదు. కానీ ఊరుకునే మనిషి కాదు. ఒక కునుకు తీసి లేచేవాడు, "యాడిదాక వచ్చిండురా మీవోడు?" అనేవాడు. నేను చెప్పాలి. ఆ ఆటలో సేవ్ చేసిన చోటునుంచి మొదలుపెట్టిన ప్రతిసారీ ఇంతవరకూ జరిగిన కథ నాలుగు ముక్కల్లో వస్తుంది. దాన్ని తెలుగు చేసి, కాస్త ఉప్పూకారం జల్లి చెప్పేవాణ్ణి. ఇంగ్లీషు పేర్లు ఆయనకి నోరు తిరగవు కాబట్టి ఆయన పేర్లు ఆయన పెట్టుకున్నాడు. సిల్వాండో అనే సర్కస్‌వాడు 'జోకరు'. ఎరిక్ 'దొంగపోరడు'. వెరోనికా అని ఒక మంత్రగత్తె ఉంటుంది, వయసొచ్చిన అమ్మాయే గానీ ఒక రాక్షసుడి వల్ల చిన్నపిల్ల ఒళ్ళులోకి వచ్చేస్తుంది, నోరు మాత్రం పెద్దది. ఆమె 'ఎర్రటోపీ పిల్ల'. మా ఇంట్లో ఆవిడకే ఎక్కువ మార్కులు.

అంటే నాకు త్రీడీ ఆట నడుస్తుంటే, ఆయనకి అసలు బొమ్మలే లేని ఆట నడిచిందన్నమాట. అలాంటి కథ వినడం ఆయనకేం కొత్త కాదు. మా జిల్లాలోనే మణుగూరు దగ్గర కూనవరంలో సకిని రామచంద్రయ్య గారని కోయ డోలి కళాకారుడు ఉండేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కాలం చేశారు. సమ్మక్క సారలమ్మల కథని డోలు మీద పాడేవారు. చేతిలో డోలు, నోట్లో పాట, అంతే. యుద్ధం, అడవి, గుర్రాలు అన్నీ వినేవాడు తెచ్చుకోవాల్సిందే. మా తాతయ్య ఆ తరం మనిషి. తెచ్చుకోవడం అలవాటు.

2022 ఎండాకాలంలో తాతయ్య పోయాడు. కొన్నాళ్ళకి మా ఆఫీసులు తెరిచారు, నేను హైదరాబాదు వచ్చేశాను.

తొరియామా పోయిన వార్త చదివాక ఆ ఆట మళ్ళీ తెరవాలనిపించింది. ఈసారి టూడీ అని నొక్కాను.

మొదటి గంట చిరాకేసింది. త్రీడీలో రాక్షసులు మైదానంలో కనబడుతుంటారు, ఓపిక లేకపోతే పక్కనుంచి తప్పించుకుపోవచ్చు. టూడీలో నాలుగడుగులు వేస్తే ఎక్కడినుంచో ఊడిపడతారు. గొంతులు లేవు, మాటలన్నీ చదువుకోవాలి. మొదట్లోనే హీరో తన ఊరి దగ్గర కొండెక్కి ప్రపంచాన్ని మొదటిసారి చూసే ఘట్టం ఉంది. త్రీడీలో నేనూ ఆ పిల్లాడితో పాటు నోరెళ్ళబెట్టాను. టూడీలో అది తేలిపోయింది. ఉన్నమాట చెప్పుకోవాలిగా, 'పాతదే గొప్ప' అని నేను అనబోవట్లేదు. విశాలం చూపించాలంటే త్రీడీయే. సిల్వాండో వేషాలకి కూడా త్రీడీయే. ఆ నడుం తిప్పడం చుక్కల్లో రాదు.

కానీ ఆట పరుగెత్తుతుంది. గుర్రం మీద పది నిమిషాలు పోయిన దారి ఇక్కడ నిమిషంలో అయిపోతుంది. తొంభై గంటల ఆట నాకు యాభైలోపే అయింది. పై పూత పోయాక కథ ఎముకలు కనబడటం మొదలైంది. ఏ మాట ఎందుకు ముందే చెప్పించారో, ఏ మనిషిని ఎక్కడ నాటారో, కోడ్ రివ్యూలో కూర్చున్నట్టు కనబడింది.

ఇక్కడ మాయాబజార్ సంగతి చెప్పాలి. 1957 సినిమా, 2010 జనవరిలో హైదరాబాదు సంస్థ గోల్డ్‌స్టోన్ రంగులద్ది విడుదల చేసింది. మా ఇంట్లో రెండూ చూశాం. రంగుల పని అద్భుతం, నగలు ధగధగా మెరుస్తాయి. కానీ పడవ పాట దగ్గర మాత్రం నేను నలుపు తెలుపు పార్టీ. మార్కస్ బార్ట్‌లీ కెమెరాతో పుట్టించిన వెన్నెల అది. తెర మీద ఉన్నది బూడిదరంగే, దాన్ని వెన్నెలగా చేసుకున్నది చూసేవాళ్ళు. రంగు వేశాక వెన్నెల ఏ రంగులో ఉండాలో ఇంకొకరు మనకి చెప్పేశారు. వాళ్ళ తప్పేం లేదు, చెప్పకుండా రంగు వేయడం కుదరదు కదా!

డ్రాగన్ క్వెస్ట్‌ది సరిగ్గా రివర్సు. రంగులో చూసినదాన్ని బూడిదరంగులోకి తీసుకెళ్ళి చూడమంటారు. ఇప్పుడు పూరించే పని నాది.

(ఇక్కణ్ణుంచి కథ చెప్పేస్తాను. ఆడాలనుకునేవాళ్ళు చివరి పేరాకి దూకెయ్యండి.)

హీరో రాజు చెర తప్పించుకుని తన ఊరికి తిరిగొస్తాడు. ఊరు మామూలుగానే ఉంటుంది. చచ్చిపోయిన పెంపుడు తాత ఏటి ఒడ్డున చేపలు పడుతూ కనబడతాడు. అది గతం. కొద్దిసేపటికి ఆ తాతకే అర్థమవుతుంది, ఎదురుగా ఉన్నది పెద్దవాడై వచ్చిన తన మనవడేనని. ఒక చోట ఉత్తరం దాచిపెడతానని చెబుతాడు. అంతలో అంతా మాయమై, సైనికులు తగలబెట్టిన ఊరు మిగులుతుంది. మొదటిసారి త్రీడీలో ఈ ఘట్టం చూసి "బాగా తీశాడు" అనుకున్నాను. అక్కడ ఆ తాతకి ఒక ముఖం ఉంది, తొరియామా గీసిన ముఖం. టూడీలో ఆ ముఖం వేలిగోరంత. కళ్ళు రెండు చుక్కలు. ఆ చుక్కల్లో ఎవరి కళ్ళు పెట్టుకున్నానో మీకు చెప్పక్కర్లేదు. కీబోర్డు మీద చెయ్యి అలాగే ఉంచి కొంచెంసేపు కూర్చున్నాను.

తర్వాత, ఆట సగం దాటాక ప్రపంచాన్ని మోసే మహావృక్షం కూలిపోతుంది. అందరూ చెల్లాచెదురై, ఒక్కొక్కరే కలుసుకుంటారు. వెరోనికా మాత్రం ఒక అడవిలో, చెట్టుకి ఆనుకుని నిద్రపోతున్నట్టు కనబడుతుంది. మిగతావాళ్ళని కాపాడటానికి తన శక్తంతా పెట్టేసి ఆమె చనిపోయింది. టూడీలో అదొక ఎర్రచుక్కల గుంపు, కదలదు. యాభై గంటలూ నిలబడ్డ చోటే కాళ్ళాడిస్తూ ఉండే బొమ్మ కదలకపోతే ఎంత తేడాగా ఉంటుందో ఆడితే గానీ తెలీదు. 2021లో ఈ సంగతి ఆ రాత్రి తాతయ్యకి చెప్పలేదు. మర్నాడు చెప్పాను. "మరి ఆ పిల్ల లేకుండనే కత నడుస్తదా?" అన్నాడు. నడుస్తుంది. చెల్లెలు సెరెనా తన పొడవాటి జుట్టు కోసేసుకుని, అక్క మంత్రాలు తను అందుకుని ముందుకి నడుస్తుంది. చివరికి మాంత్రికుణ్ణి చంపుతారు, తెర మీద పేర్లు పడతాయి. ఆట అయిపోయినట్టే.

కానీ అయిపోదు. పేర్లు పడ్డాక మూడో భాగం ఉంది. కాలాన్ని వెనక్కి తిప్పే గోపురం ఒకటి దొరుకుతుంది. హీరో ఒక్కడే వెనక్కి వెళ్ళొచ్చు, వెళితే వెరోనికా బతుకుతుంది. మొదటిసారి నేను క్షణం ఆలోచించలేదు. మ్యాప్‌లో గుర్తు చూపిస్తోంది, వెళ్ళిపోయాను. ఎర్రటోపీ పిల్ల మళ్ళీ వచ్చిందని సంబరంగా తాతయ్యకి చెప్పాను. ఆయన సంబరపడలేదు. కొంచెంసేపు ఊరుకుని, "మరి ఈడ ఉన్నోళ్ళ గతేందిరా?" అన్నాడు.

"ఈడ ఎవరూ ఉండరు తాతా, కాలం వెనక్కి పోయింది కదా" అన్నాను.

"పోయినోడికి పోయింది. జుట్టు కోసుకున్న పిల్లకి పోలే కదా."

అప్పుడు నవ్వేశాను. డిజైన్ రివ్యూలో ఎవరూ అడగని ప్రశ్న, బొమ్మే కనబడని మనిషి అడిగాడు. త్రీడీలో అది నాకు తట్టలేదంటే కారణం ఉంది. కొత్త దృశ్యాలు, గొంతులు, పాటలు, తర్వాత ఏం చూపిస్తారా అనే యావ. ఆయనకి చూపించేదేం లేదు కాబట్టి మనుషులొక్కళ్ళే మిగిలారు. టూడీలో నాకూ వాళ్ళే మిగిలారు.

పోయినవాళ్ళని వెనక్కి తెచ్చుకునే గోపురం ఉంటే ఎక్కనా? 2022 జూన్‌లో అడిగితే మారుమాట లేకుండా ఎక్కేవాణ్ణి. కానీ తాతయ్య పోయాకే మా నాన్న మొదటిసారి నాతో కూర్చుని పొలం లెక్కలు మాట్లాడాడు. పక్క ఊరు వెళ్ళాలన్నా తోడు అడిగే మా నానమ్మ, పింఛను కోసం తనే బ్యాంకుకి వెళ్ళొస్తోంది. ఇవన్నీ ఆయన లేకపోవడంలోంచి వచ్చినవే. వాటిని తుడిచేసి ఆయన్ని తెచ్చుకోమంటే ఆయనే ఒప్పుకోడు. ఆ మాట నాకు ముందే చెప్పేశాడు కూడా.

రెండోసారి ఆటలో పేర్లు పడేదాకా ఆడి, సేవ్ చేసి, గోపురం దాకా వెళ్ళకుండా ఆపేశాను. ఆట లెక్కలో అది అసంపూర్తి. సెరెనా పొట్టి జుట్టుతో అలాగే ఉంది.

ఆడాలనుకునేవాళ్ళకి నా ఉచిత సలహా: ముందు త్రీడీలో ఆడండి, ఆ లోకం చూడండి. కొన్నేళ్ళు వదిలేయండి. ఆ తర్వాత టూడీలో. పక్కన ఎవరైనా ఉంటే, స్క్రీన్ అటు తిప్పకుండా, ఎక్కడిదాకా వచ్చిందో నోటితో చెప్పండి. వాళ్ళేం అడుగుతారో వినండి.