ఊచల మధ్య సందు

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. ఈ రోజుల్లో ముందు చూసి, తర్వాత కట్టుకోవచ్చు లెండి!

నరసరావుపేటలో మా అన్నయ్య కట్టిస్తున్న మేడకి బాల్కనీ రెయిలింగు ఎలా ఉండాలో వాళ్ళబ్బాయి కంప్యూటర్లో, స్కెచప్‌లో గీశాడు. ఒక్క ఊచ గీసి, దాన్ని ‘కాంపొనెంట్’ చేసి, వరసగా నకళ్ళు తీశాడు. ఇక ఒకదాన్ని సన్నం చేస్తే చాలు, అన్నీ చిక్కిపోతాయి. అత్తగారి మాటకి ఇంటిల్లిపాదీ తలాడించినట్టు!

అంతకు ముందు అడ్డంగా నాలుగు స్టీలు గొట్టాలు పెట్టాడు. ఇప్పుడదే ఫ్యాషనట. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ వాడి కూతురికి పద్ధెనిమిది నెలలు. బీరువా అరలు సైతం ఎక్కేస్తుంది. దాని కంటికవి గొట్టాలు కావు, నిచ్చెన.

“నిలువు ఊచలైతే జైల్లా ఉంటుందత్తా” అన్నాడు.

“జైలే నయంరా” అంది వదిన.

మరి సందెంత? అమెరికా ఇళ్ళ నిబంధనల్లో ఊచల మధ్య నాలుగంగుళాల బంతి దూరకూడదని లెక్క, పసిబిడ్డ జారిపోకుండా. ఎత్తేమో కనీసం మీటరుండాలని మన జాతీయ భవన నిర్మాణ నియమావళి. రెండంకెలూ కొట్టాడు. బొమ్మ బుద్ధిగా సర్దుకుంది.

అయితే దానికి పల్నాడు ఎండ తెలియదు. మా జిల్లాలోని రెంటచింతల పేరు ప్రతి వేసవీ వార్తల్లో వింటూనే ఉంటారుగా! మే నెలలో స్టీలు మీద చెయ్యి వేస్తే అట్లపెనమే. తెర మీద మాత్రం చల్లగా మెరుస్తోంది. చెయ్యి ఆనేచోట టేకు పట్టీ వేయించమన్నాను. క్షణంలో కొయ్యరంగు అద్ది చూపించాడు.

వదినకి మాత్రం ఆ అంకెల మీద గురి కుదరలేదు. వెల్డింగు మేస్త్రీ వచ్చిన రోజున ప్రతి సందులోనూ కొబ్బరికాయ పెట్టి చూస్తానంటోంది.