కడలి కొలువులో ఎవరి పాత్ర ఎంత?

సముద్రగర్భంలోని జీవులను లెక్కించడం కష్టమైన పని. ఏ జీవి అక్కడ ఏ బాధ్యత నిర్వహిస్తున్నదో తెలుసుకోవడం అంతకన్నా కష్టం. సంఖ్యలో అధికమైనదే ప్రధానమైనదని తొలుత తోస్తుంది. అది నిజం కాదని చూపినవాడు రాబర్ట్ పెయిన్ అనే అమెరికా జీవశాస్త్రవేత్త.

1963లో ఆయన వాషింగ్టన్ రాష్ట్రపు పసిఫిక్ తీరంలో ఒకచోట రాళ్ల మీది నక్షత్ర చేపలను ఏరి సముద్రంలోకి విసిరివేయసాగాడు. పేరులో చేప ఉన్నదే గాని అది చేప కాదు. దానికి ఆహారమయ్యే ఆల్చిప్పలు అడ్డు లేక విస్తరించి రాళ్లను ఆక్రమించాయి. 15 జాతులున్న చోట 8 మాత్రమే మిగిలాయి. నడినెత్తిన బిగించిన రాయిని తీసివేస్తే కమాను కూలుతుంది గదా! అటువంటి జీవికి ఆయన 1969లో ఆ రాయి పేరే పెట్టాడు. తెలుగులో దానిని కీలక జాతి అనవచ్చు. న్యూజిలాండ్ తీరంలో వేరొక నక్షత్ర చేపను తొలగించి చూసినా ఇంచుమించు ఇదే జరిగింది. జాతి వేరు, పాత్ర ఒక్కటే.

అయితే తిమింగలాన్ని ఏరి విసిరేదెవరు? విశాల సాగరంలో గణితమే శరణ్యం. 1984లో జెఫ్రీ పొలోవినా హవాయి దీవులలోని ఫ్రెంచ్ ఫ్రిగేట్ షోల్స్ అనే పగడపు దిబ్బ కోసం 'ఎకోపాత్' అనే నమూనాను రూపొందించాడు. డేనియల్ పౌలీ, విలీ క్రిస్టెన్సెన్ దానిని పెంపొందించారు. దీని సూత్రం ఇంటి జమాఖర్చుల వంటిదే. ఒక జాతి మొత్తం బరువెంత, ఏడాదికి ఎంత పెరుగుతుంది, ఎంత తింటుంది, ఏమేమి తింటుంది అనేవి సేకరించాలి. చివరిది తెలియాలంటే చేపల పొట్టలు కోసి చూడవలసిందే. కంప్యూటర్ తెర వెనుక ఇంతటి నీచు వాసన ఉన్నదని చాలామంది ఊహించరు. ఇతర జీవులు తిన్నది, వలలో పడినది, తక్కిన నష్టాలు కలిపితే ఆ జాతి ఉత్పత్తితో సరిపోవాలి. సరిపోకపోతే లెక్కలో ఎక్కడో దోషమున్నట్లే.

అన్ని సముద్రాలనూ ఇలా ఒకే పద్దులో రాసినప్పుడు పోలిక సాధ్యమవుతుంది. 2006లో లిబ్రలాటో, క్రిస్టెన్సెన్, పౌలీ 33 నమూనాలను తీసుకొని, కొద్దిపాటి బరువుతోనే పెను ప్రభావం చూపే జాతులను గుర్తించే సూచికను ప్రతిపాదించారు.

ఇటువంటి పోలిక విలువ అలాస్కాలోని అలూషియన్ దీవులలో తెలుస్తుంది. అక్కడి సముద్రపు నీటికుక్కలను బొచ్చు కోసం వేటగాళ్లు దాదాపు తుడిచిపెట్టారు. 1911 నాటి ఒప్పందంతో వాటికి రక్షణ లభించింది. 1974లో జేమ్స్ ఎస్టెస్, జాన్ పాల్మిసానో ఆ జంతువులున్న దీవులను, లేని దీవులను పోల్చారు. ఉన్నచోట కెల్ప్ అనే నాచు అడవులు దట్టంగా ఉన్నాయి. లేనిచోట ముళ్లబంతుల వంటి సీ అర్చిన్లు నాచును మేసివేయగా బోడిరాళ్లు మిగిలాయి. 1990లలో నీటికుక్కలు మళ్లీ వేగంగా తగ్గాయి. ఓర్కాలు వాటిని తినడమే కారణం కావచ్చునని ఎస్టెస్ బృందం 1998లో ప్రతిపాదించింది. తీరం వరకే గీత గీసుకున్న నమూనాలో, బయటి కడలి నుండి వచ్చే ఆ ఓర్కాకు పద్దే ఉండదు.