ఒక జత పొడిబట్టలు

మా మేడిపల్లిలో బ్యాగు సర్దడం ఎవరికీ నేర్పక్కర్లేదు. జగిత్యాల, కోరుట్ల చుట్టుపక్కల ఏ వీధికెళ్లినా గల్ఫ్‌కు పోయొచ్చినవాళ్లు కనిపిస్తారు. మా బాపు కూడా దుబాయ్‌లో పనిచేసి వచ్చినవాడే. ఏప్రిల్‌లో నేను కేదార్‌కంఠ ట్రెక్‌కు బయల్దేరే ముందురోజు, పాత లగేజీ కాంటాకు నా బ్యాగు తగిలించాడు. 16 కిలోలు!

"గిది మోసుకుంట గుట్టెక్కుతవా బిడ్డా? నా బ్యాగు విమానం మోసింది. నీది ఎవలు మోస్తరు?" అన్నాడు.

నిజమే. మాకు గుట్ట అంటే కొండగట్టు. పొద్దున వెళ్తే మధ్యాహ్నానికి ఇంటికొచ్చి అన్నం తినొచ్చు. ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ అలా కాదు. డెహ్రాడూన్ నుంచి రోజంతా జీపులో వెళ్తే సాంక్రి అనే ఊరొస్తుంది. అక్కడి నుంచి నాలుగు రోజులు నడక, గుడారాల్లో నిద్ర. శిఖరం ఎత్తు 12,500 అడుగులు. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే సుమారు 6 డిగ్రీల వేడి తగ్గుతుంది. పొద్దున ఎండ, మధ్యాహ్నం వడగళ్లు, రాత్రి మంచు... మూడూ ఒకే రోజు చూడొచ్చు.

బ్యాగు మంచం మీద బోర్లించాం. ముందు జీన్సులు, కాటన్ టీషర్టులు బయటికెళ్లాయి. కాటన్ తడిస్తే ఓ పట్టాన ఆరదు, ఒంట్లో వేడి లాగేస్తుంది. నడకకు పాలిస్టర్ మేలు. మన సిరిసిల్ల మరమగ్గాల మీద నేసే గుడ్డే, పిండి దులిపితే త్వరగా ఆరుతుంది. దాని మీద ఫ్లీస్, ఆపైన గాలివాన ఆపే జాకెట్. ఒక్క మందపాటి కోటు కంటే ఇలా పొరలు పొరలుగా వేసుకుంటే సుఖం. ఎక్కుతూ చెమట పడితే ఒకటి తీసేస్తాం, ఆగగానే మళ్లీ వేసుకుంటాం. ఉన్ని సాక్సులు చూసి బాపు తలూపాడు. "మన గొంగడి లెక్క. తడిసినా వెచ్చగనే ఉంటది."

అవ్వ పెట్టిన సకినాలు మాత్రం తీయలేదు.

చివరగా ఒక జత థర్మల్స్, సాక్సులు రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి అడుగున పెట్టాను. 'అవి పడుకునేటప్పుడే. పగలు ఎంత చలేసినా ముట్టొద్దు' అని ట్రెక్ లీడర్ ముందే ఫోన్‌లో చెప్పాడు. ఈసారి కాంటా 9 కిలోలు చూపించింది.

రెండో రోజు జూడా కా తలాబ్ దాటాక వాన మొదలై, వడగళ్లుగా మారింది. బ్యాగు మీద రెయిన్ కవర్ ఉందని నా ధీమా. కానీ వీపు వైపు నుంచి నీళ్లు దిగాయి. క్యాంపు చేరేసరికి జీన్సుతో వచ్చిన ఒక కుర్రాడు గజగజ వణుకుతున్నాడు. మాట తడబడుతోంది, షూ లేసు విప్పుకోలేకపోతున్నాడు. శరీరంలో వేడి ప్రమాదకరంగా పడిపోతోందనడానికి గుర్తులివే. లీడర్ వెంటనే తడిబట్టలు విప్పించాడు. "పొడివి ఎవరి దగ్గరున్నాయి?"

నా కవర్ విప్పాను. అవి వేసుకుని, స్లీపింగ్ బ్యాగులో దూరి, వేడి టీ తాగాక గానీ అతను మామూలుగా మాట్లాడలేదు. నేను చెమ్మ పాలిస్టర్‌తోనే పడుకున్నాను. ఫోన్ కూడా స్లీపింగ్ బ్యాగులోనే పెట్టుకున్నా, చలికి బ్యాటరీ పడిపోతుందని. నిద్ర సరిగా పట్టలేదు కానీ, తెల్లారేసరికి బట్టలు ఒంటిమీదే ఆరాయి.

వేకువన శిఖరానికి బయల్దేరాలి. మంచు ఆగలేదు. "వెనక్కి పోదాం" అన్నాడు లీడర్. అందరం ఉసూరుమన్నాం. కానీ 2024 జూన్‌లో అదే ఉత్తరాఖండ్‌లో, సహస్త్రతాల్ దారిలో 22 మంది బృందం మంచుగాలిలో చిక్కుకుంది. కర్ణాటకకు చెందిన తొమ్మిది మంది ప్రాణాలు పోయాయి. అదీ మనం వేసవి అనుకునే నెలలో. బ్యాగు ఎంత బాగా సర్దినా, కొండ వద్దంటే తిరగాల్సిందే.

ఇంటికొచ్చి బాపుకు చెప్పాను. వచ్చేసారి పొడిబట్టలు రెండు జతలు తీసుకెళ్తానన్నాను. ఒకటి నాకు, ఒకటి అవసరమైనవాళ్లకు.

కాంటా వైపు చూసి, "అర్ధకిలో ఎక్కువైతది. కానీ తియ్యి," అన్నాడు.