తెలుగు మీదుగా క్యోటోకి

'నిన్న కొన్న పుస్తకం'. మూడే మూడు మాటలు. దీన్ని ఇంగ్లిషులో చెప్పాలంటే చివరున్న పుస్తకాన్ని ముందుకు లాక్కురావాలి. మధ్యలో ఓ 'విచ్' తగిలించాలి. 'నిన్న'ను తీసుకెళ్లి తోకకు కట్టాలి. అదే జపనీస్‌లో అయితే 'కినో కత్తా హోన్'. కినో అంటే నిన్న. కత్తా అంటే కొన్న. హోన్ అంటే పుస్తకం. ఒక్క మాట కూడా తన చోటు వదిలి కదల్లేదు!

హైదరాబాద్ ఇఫ్లూలో జపనీస్ బీఏ మొదటి ఏడాది చదువుతుండగా ఈ సంగతి గమనించింది ఆ మాచర్ల అమ్మాయి. అంతవరకూ ఆమె పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. చెప్పాల్సిన ప్రతి మాటనూ ముందు ఇంగ్లిషులో అనుకునేది. దాన్ని తలకిందులు చేసి జపనీస్‌లో పేర్చేది. పక్కవీధిలో ఉన్న అత్తయ్య ఇంటికి గుంటూరు దాకా బస్సులో వెళ్లి తిరిగొచ్చినట్టుండేది. 'నిన్న కొన్న పుస్తకం' కనిపించిన రోజున ఆ బస్సు దిగిపోయింది.

నిజానికి తెలుగుతో ఆమెకు అంత స్నేహమేమీ లేదు. నాన్నది కిరాణా కొట్టు. ఉన్నంతలో మంచి చదువు చెప్పించాలని ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియంలోనే వేశారు. తెలుగు ఒక సబ్జెక్టుగా పదో తరగతి దాకా సాగింది. ఇంటర్లో మార్కులొస్తాయని సంస్కృతం తీసుకుంది. మన పిల్లల్లో చాలామంది చేసేదే కదా! ఆ తర్వాత తెలుగు మాట్లాడటానికే తప్ప రాయటానికి అవసరం పడలేదు. 'బీటెక్ చేయకుండా జపనీస్ ఏంట్రా?' అని బంధువులంతా అడిగితే, 'ఇంటికొకరు కంప్యూటర్ కాకుండా ఇంకోటి చదివితే ఏం పోయిందిలే' అన్నాడు నాన్న. ఆ ధైర్యంతోనే చదివింది. జపాన్ ప్రభుత్వమిచ్చే ఏడాది స్కాలర్‌షిప్ సంపాదించి ఇప్పుడు క్యోటోలో ఉంది.

అక్కడ ఆమె రోజు కామో నది గట్టున సైకిలు మీద మొదలవుతుంది. పొద్దున్నే క్లాసు, అందులో రోజూ ఓ చిన్న పరీక్ష. జపనీస్‌కు హిరగానా, కతకానా అని రెండు అక్షరమాలలున్నాయి. ఒక్కోదాంట్లో 46 అక్షరాలు. అవి నెలరోజుల్లో వచ్చేస్తాయి. అసలు కథంతా చైనా నుంచి వచ్చిన కంజీ అక్షరాల దగ్గరే. నిత్యవ్యవహారానికని అక్కడి ప్రభుత్వం ఖరారు చేసిన జాబితాలోనే 2,136 ఉన్నాయి. బడిపిల్లలు ప్రాథమిక పాఠశాల దాటేసరికి 1,026 నేర్చేసుకుంటారు. గళ్ల పుస్తకంలో ఏ గీత ముందు, ఏ గీత తర్వాత అన్నది కూడా తప్పకుండా రాయాలి.

ఒక్కోసారి అది కష్టమనిపించదు, ఆటలా ఉంటుంది. చెట్టు గుర్తును రెండుసార్లు రాస్తే తోపు. మూడుసార్లు రాస్తే అడవి. ఆడమనిషి పక్కన బిడ్డను రాస్తే 'ఇష్టం'. ఇంటికప్పు కింద ఆడమనిషిని రాస్తే ప్రశాంతత. జపనీస్‌లో అదే అక్షరానికి 'చవక' అనే అర్థం కూడా ఉంది. అది నేర్చుకున్న రోజు ఆమె మేష్టారి వంక కోపంగా చూసిందట!

వారానికి మూడు సాయంత్రాలు ఓ చిన్న దుకాణంలో పని. విదేశీ విద్యార్థులు అనుమతి తీసుకుని వారానికి 28 గంటల వరకూ పనిచేయవచ్చు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా 'ఇరస్షైమసే' అని పలకరించాలి. అచ్చంగా మన 'దయచేయండి' అన్నమాట. మర్యాద మాటలకు అక్కడ పెద్ద శాస్త్రమే ఉంది. మీరు, నువ్వు, గారు, అండీ అంటూ పెరిగిన పిల్లకు అదేం లెక్కనుకుంది. కానీ అక్కడే దెబ్బతింది. ఓ కస్టమర్‌తో మాట్లాడుతూ తన మేనేజర్ పేరు చివర 'సాన్' చేర్చింది. సాన్ అంటే మన గారు లాంటిదే. తప్పేముంది? ఉంది. మనం బయటివాళ్ల ముందు 'మా నాన్నగారు' అని గొప్పగా చెప్పుకుంటాం. వాళ్లు బయటివాళ్ల ముందు తమవాళ్లను తగ్గించి చెబుతారు. వ్యాకరణం దగ్గరగా ఉన్నంత మాత్రాన మనసులన్నీ ఒకేలా ఉండవని ఆ రోజు తెలిసింది.

మరి ఈ భాషలకూ మనకూ చుట్టరికం ఉందా? ఉందన్నవాళ్లు లేకపోలేదు. కొరియాలో ఉన్న హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ 1905లోనే కొరియన్‌నూ ద్రావిడ భాషలనూ పోలుస్తూ ఓ వ్యాకరణ పుస్తకం వేశాడు. జపాన్ పండితుడు సుసుము ఓనో జపనీస్ మూలాలు తమిళంలో ఉన్నాయని వాదించాడు. భాషాశాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఆ వాదాలను ఒప్పుకోలేదు. కుటుంబాలు వేరు, ఇల్లు కట్టిన తీరు మాత్రం ఒకటి. క్రియ చివర్లో వస్తుంది. విభక్తి మాట వెనకాల వస్తుంది. 'టోక్యో నుంచి క్యోటో వరకు' అనటానికి 'తోక్యో కరా క్యోతో మదె' అంటారు. తెలుగు వాక్యంలో మాటలు మార్చుకుంటూ పోతే చాలు.

అక్షరాల వరస చూస్తే ఇంకా ఆశ్చర్యం. అ, ఇ, ఉ, ఎ, ఒ... తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. ఎక్కడో విన్నట్టు లేదూ? సంస్కృత అక్షరాలు నేర్చుకున్న బౌద్ధ భిక్షువుల ద్వారా మన వర్ణమాల వరసే అక్కడికి చేరింది. 'ప' ఉండాల్సిన చోట 'హ' ఎందుకుందంటే, ఒకప్పుడు జపనీస్‌లో దాన్ని 'ప' అనే పలికేవాళ్లు. చిన్నప్పుడు పలక మీద దిద్దిన వరస అంతదూరంలో ఎదురొస్తే ఎలా ఉంటుంది?

హాస్టల్లో ఆమె గదికి ఎదురు గది చైనా అమ్మాయిది. ఒకరికొకరు చైనీస్, తెలుగు నేర్పుకుందామని ఒప్పందం. చైనీస్‌లో వాక్యం మనలా నడవదు. పైగా 'మా' అన్న ఒక్క శబ్దాన్నే నాలుగు రాగాల్లో పలికితే అమ్మ, జనుము, గుర్రం, తిట్టడం అని నాలుగు అర్థాలు. మాటతో కుదరనప్పుడు కాగితం మీద అక్షరాలు రాసి చూపించుకుంటారు. వెనకటి రోజుల్లో చైనా, కొరియా, జపాన్ పండితులు కూడా భాష రాకపోయినా ఇలాగే రాసుకుని మాట్లాడుకునేవారు.

కానీ అక్షరం ఒకటైనా అర్థం ఒకటి కాకపోవచ్చు. జపనీస్‌లో 'చదువు' అని రాసే రెండు అక్షరాలను చైనీస్‌లో చదివితే 'ఇష్టం లేకుండా, బలవంతాన' అని వస్తుంది. పిల్లలెవరైనా చైనీసే కరెక్టంటారు! ఓ సాయంత్రం మన అమ్మాయి సంబరంగా 'ఇంటినుంచి ఉత్తరం వచ్చింది' అని కాగితం మీద రాసి చూపించింది. ఎదురు గది అమ్మాయి తెల్లబోయింది. జపనీస్‌లో ఉత్తరాన్ని 'తెగామి' అంటారు. 'చెయ్యి', 'కాగితం' అనే రెండు అక్షరాలు. చైనీస్‌లో ఆ రెండూ కలిస్తే మరుగుదొడ్లో వాడే కాగితం! విషయం తెలిశాక ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు.

ఆ ఉత్తరం మాత్రం నవ్వులాట కాదు. అది నాయనమ్మ రాసింది. ఆమెకు ఎనభై దాటాయి. చెవులు బాగా మందగించాయి. వీడియో కాల్‌లో మనవరాలి ముఖం చూస్తుంది గానీ మాట వినిపించదు. చదువు ఐదో తరగతే అయినా రాత ముత్యాల్లా ఉంటుంది. నోట్‌బుక్ కాగితం మీద రాసిస్తే నాన్న కొట్లో కూర్చుని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపిస్తాడు. మొదటి ఉత్తరం చదవటానికి ఆ అమ్మాయికి పావుగంట పట్టింది. జవాబు రాయటానికి ఓ సాయంత్రం సరిపోలేదు. వెయ్యికి పైగా కంజీలు గీతల వరసతో సహా వచ్చు. 'జ్ఞాపకం' రాయబోతే చెయ్యి ఆగిపోయింది. 'ళ' ఎక్కడ, 'ల' ఎక్కడ? ఏ ఒత్తు ఎటు తిరుగుతుంది? జపాన్ వాకిలి తెరిచిన తాళంచెవి తెలుగేనని తెలిసింది గానీ, ఆ తాళంచెవి అప్పటికే తుప్పుపట్టి ఉంది.

గళ్ల పుస్తకంలో కంజీలు దిద్దినట్టే ఇంకో పుస్తకంలో ఒత్తులు దిద్దటం మొదలుపెట్టింది. ప్రతి ఆదివారం నాయనమ్మకు ఒక పేజీ. రాయాలంటే కబుర్లుండాలి కదా! దాంతో చూసిన ప్రతిదాన్నీ నాయనమ్మకు ఎలా చెప్పాలా అని చూడటం అలవాటైంది.

సెలవుల్లో ఫుకుఓకా నుంచి ఓడలో కొరియాలోని బుసాన్ వెళ్లింది. కొరియన్ అక్షరాలను సెజోంగ్ రాజు 1443లో తయారుచేయించి 1446లో ప్రజల ముందు పెట్టాడు. మూల అక్షరాలు 24. గొంతులో, నాలుకతో, పళ్లతో, పెదవులతో పలికేవాటిని విడదీసి, ఆ అవయవాల ఆకారంలోనే వాటిని దిద్దారు. కంఠ్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు అని మన వ్యాకరణం చెప్పే సంగతే అక్కడ బొమ్మ కట్టింది. జగల్చి చేపల బజారు పక్క సందులో ఎర్రటి కారంలో ఉడుకుతున్న బియ్యప్పిండి ముక్కలను ఓ పెద్దావిడ పుల్లకు గుచ్చి చేతికిచ్చి, 'మొగొ బ్వా' అంది. మొగొ అంటే తిని. బ్వా అంటే చూడు. 'తిని చూడు'! జపనీస్‌లోనూ అంతే, 'తబెతె మిరు'. రుచిని నాలుకతో చూస్తారా, కళ్లతో చూస్తారా అని ఇంగ్లిషువాళ్లకు అనుమానం రావచ్చు. ఈ మూడు భాషలవాళ్లకూ రాదు. ఆ వారం నాయనమ్మ ఉత్తరానికి అదే కబురు.

అన్నిటికన్నా పెద్ద కబురు క్యోటోలోనే దొరికింది. జోదో షిన్‌షు శాఖకు చెందిన ఓ బౌద్ధాలయంలో ఏడుగురు గురువుల చిత్రపటం ఉంది. మొదటి గురువు పేరు రెండక్షరాలు. డ్రాగన్, చెట్టు. చదివితే 'ర్యూజు'. ఎవరీయన అని అడిగితే అక్కడి భిక్షువు చెప్పిన జవాబు విని కాసేపు కదల్లేకపోయింది. నాగార్జునుడు! 'నాగ'కు డ్రాగన్, 'అర్జున' వృక్షానికి చెట్టు. ఆ అమ్మాయి ఏడో తరగతిలో విజయపురి సౌత్ నుంచి లాంచీ ఎక్కి పిక్నిక్‌కు వెళ్లింది ఆయన పేరు మోస్తున్న నాగార్జునకొండకే. అప్పుడు పులిహోర పొట్లమూ, జలాశయం మీది గాలీ తప్ప ఏమీ గుర్తులేవు. ఇంటిపక్క కొండ సంగతి అంతదూరం వెళ్లి కంజీలో చదివితే గానీ తలకెక్కలేదు.

ఈ దారిలో ఎదురు నడిచిన విద్యార్థి కూడా ఒకడున్నాడు. మనం పాఠాల్లో చదువుకున్న హుయాన్‌త్సాంగే. 629లో చైనాలో బయల్దేరి, నలందాలో చదువుకుని, ఆంధ్రదేశం దాకా వచ్చాడు. ఇక్కడి భాష మధ్యదేశపు భాషకు వేరుగా ఉందని, లిపి మాత్రం దాదాపు అలాంటిదేనని గమనించి రాసుకున్నాడు. 645లో చైనాకు తిరిగెళ్లాడు. మన భాషను చెవిపెట్టి విన్న ఆ పరదేశి విద్యార్థి గురించి కూడా మాచర్లకు ఓ పేజీ వెళ్లింది.

నాయనమ్మ జవాబుల్లో మెచ్చుకోళ్లు తక్కువ, దిద్దుబాట్లు ఎక్కువ. 'కళ్ళు అని రాయాలమ్మా, కల్లు కాదు. కల్లంటే తాగేది' అని ఓసారి వచ్చింది. మొన్నటి ఉత్తరంలో మాత్రం ఓ ప్రశ్న అడిగింది. 'తిని చూడు అని వాళ్లూ అంటారన్నావు. మరి గడప దాటేటప్పుడు ఏమంటారే? మనలాగా వెళ్లొస్తానంటారా, పోతాననేస్తారా?'

ఈసారి జవాబుకు సాయంత్రమంతా పట్టలేదు. తెలుగు అక్షరాల్లోనే రాసింది.

'వాళ్లూ పోతానని అనరు నాయనమ్మా. ఇత్తె కిమస్ అంటారు. ఇత్తె అంటే వెళ్లి. కిమస్ అంటే వస్తాను. ఇంట్లో ఉన్నవాళ్లు ఇత్తెరష్షై అంటారు. అంటే వెళ్లి రా అని. నువ్వు ఆ రోజు బస్టాండులో అన్నది అదే. ఇంకో నాలుగు నెలల్లో వచ్చేస్తా. అందాకా నా తప్పులు దిద్దుతూ ఉండు.'

ఈ ఉత్తరంలో దిద్దటానికి ఏమీ దొరకలేదట. అయినా నాయనమ్మ రెండుసార్లు చదివిందని నాన్న చెప్పాడు.