దాక్కున్న కోరపన్ను

పిల్లల పళ్ళు ఊడడమూ రావడమూ తల్లులకి కొత్తగా చెప్పాలా? ఆరో ఏట మొదలయిన ఆ భాగోతం పన్నెండు పదమూడేళ్ళకి ఓ కొలిక్కి వస్తుంది. పైవరసలో తాపీగా దిగే పెద్దమనిషి కోరపన్ను. మా మేనకోడలికి పద్నాలుగు నిండినా ఎడమవైపు పాలపన్ను కుర్చీ ఖాళీ చెయ్యలేదు. "ఇంకా పాపాయే!" అని మా అమ్మ మురిసిపోయింది కూడాను.

తీరా ఎక్స్‌రే తీస్తే, అసలు కోరపన్ను అంగిట్లో ఏటవాలుగా పడుకుని ఉంది. దాని మొన పక్కపన్ను వేరుని ఆనుకుంది. అలా వదిలేస్తే ఆ వేరుని మెల్లిగా అరగదీసేస్తుందట. నొప్పి ఉండదు, వాపు ఉండదు. అందుకే నాకు భయమేసింది.

"పీకించేస్తే పీడా పోతుంది కదండీ" అంది మా వదిన. నోట్లో అన్నిటికంటే పొడుగు వేరున్నది కోరపన్నేననీ, బతికించుకోదగ్గదనీ అన్నాడు డాక్టరు.

అయితే లాగడం ఎలా? నూతిలో పడ్డ చేదని గాలమేసి తీసేవాడు గట్టుకి కాలు తన్నిపెట్టుకోవాలి. లేకపోతే తనే ముందుకి తూలుతాడు. పళ్ళూ అంతే. పక్కపళ్ళకి కట్టి లాగితే అవీ కదిలిపోతాయి. అందుకని గట్టుగా ఎముకనే వాడుకుంటారు. ముక్కుపుడక మరలాంటి చిన్న టైటానియం స్క్రూని, రెండు మిల్లీమీటర్ల లావు కూడా ఉండదు, అంగిటి ఎముకలో బిగిస్తారు. చిగురు కోసి, దాక్కున్న పన్నుకి గుండీ అతికించి, స్క్రూకీ దానికీ మధ్య స్ప్రింగు తగిలిస్తారు. 1983లో అమెరికాలో ఇద్దరు డాక్టర్లు ముక్కు కింద ఎముకలో స్క్రూ బిగించి పై ముందుపళ్ళని జరిపిన సంగతి ప్రకటించారు. 1997లో జపాన్ డాక్టరొకాయన మరీ చిన్న స్క్రూలతో చేసి చూపించాడు.

స్ప్రింగు లాగే బలమెంతనుకున్నారు? యాభై అరవై గ్రాములు, ఓ కోడిగుడ్డు బరువు! గట్టిగా లాగితే త్వరగా రాదు సరికదా, వేరు దెబ్బతింటుంది. మెల్లిగా లాగితే పన్నుకి ముందున్న ఎముక కరిగి దారిస్తుంది, వెనక కొత్తది పుడుతుంది. నెలకి ఓ మిల్లీమీటరు నడిచిందంటే గొప్పే. అదీ ముందు వెనక్కి, పక్కపన్ను వేరుకి దూరంగా. వరసలోకి రావడం ఆ తరవాత.

"పోన్లే, ఆడపిల్ల, నవ్వు బాగుండాలిగా" అన్నారు చూడవచ్చిన చుట్టాలు. నాకు ఒళ్ళు మండింది. పక్కపన్ను వేరు అరిగిపోతుంటే పెళ్ళిచూపుల గొడవేమిటి? ఈ దాక్కునే జబ్బు మగపిల్లల్లో కంటే ఆడపిల్లల్లోనే దాదాపు రెట్టింపట. అయినా దాన్ని అందం లెక్కలోనే వేస్తాం.

మీ ఇంట్లో పదేళ్ళ పిల్లలుంటే పై పాలకోరపన్ను మీద చిగురుని బయటివైపు వేలితో తడిమి చూడండి. గుండ్రంగా ఉబ్బు తగలాలి. ఏడాదిలోగా తగలకపోతే, లేదా ఒకవైపే తగిలితే, డాక్టరుకి చూపించండి. ఆ వయసులో పాలపన్ను తీసేస్తే చాలాసార్లు అసలుది తనంతట తనే దారికొస్తుంది, ఈ మరలూ స్ప్రింగులూ లేకుండానే.

మా పిల్లకి మాత్రం ఏడాదిన్నర పట్టింది. మొదటి వారం పెరుగన్నమే. "అత్తయ్యా, స్ప్రింగు నాలిక్కి తగులుతోందే!" అని రోజూ ఫోను. ఏడో నెలలో అంగిట్లో తెల్లటి మొన కనిపించిన రోజున మా అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, టార్చి వేసి మరీ చూసింది. పని అయ్యాక స్క్రూ తియ్యడానికి రెండు నిమిషాలు పట్టలేదు.

దాన్ని మా వదిన కాగితంలో చుట్టి నగల పెట్టెలో దాచింది. ఎందుకంటే, "అంత డబ్బు పోశాం, పారేస్తామా?" అంది.