మూడు చక్రముల బండి

కొన్ని చిన్న వస్తువులు కలవు. వాటిని కొనవలెనని సంకల్పించువఱకే అవి చిన్నవి; సంకల్పించినతోడనే ఇల్లంతయు వాటిచుట్టు తిరుగ నారంభించును. పసిబిడ్డను కూర్చుండబెట్టి త్రోసికొనిపోవు బండి యట్టిది. మా రెండవ బిడ్డకు ఆఱు నెలలు నిండిన పిదప అట్టి బండి కొనవలయునా, కొనినచో మూడు చక్రములది మేలా, నాలుగు చక్రములది మేలా యను ప్రశ్నము దమ్మపేటలోని మా యింట పదునైదు దినములు నడచినది. ఆ చర్చలో మాకు తోచిన సంగతులు మావంటి గృహస్థులకు ఉపకరించునేమో యను ఆశతో ఇచ్చట వ్రాయుచున్నాము.

మూడు చక్రముల బండి యనగానే తెలుగువారికి స్ఫురించునది వేఱు. అది వడ్రంగి చేసిన కొయ్యబండి. ముందొక చక్రము, వెనుక రెండు చక్రములు, పట్టుకొని నిలుచుటకు అడ్డకఱ్ఱ. ఏడాది నిండవచ్చిన బిడ్డ దానిని పట్టుకొని లేచి, త్రోయుచు, తప్పటడుగులు వేయుచు నడక నేర్చును. దుకాణములలో వాకరు అను పేర అమ్ము గుండ్రని చట్రము దీనికి చుట్టము కాదు. అందు బిడ్డను నడుమ కూర్చుండబెట్టుదురు. కాళ్లు నేల నానియు ఆనకయుండగా బిడ్డ తన శక్తికి మించిన వేగముతో జాఱిపోవును. మెట్లమీదనుండి పడి పిల్లలు గాయపడుచున్నారని కెనడా ప్రభుత్వము 2004లో దాని యమ్మకమును నిషేధించినది. మన కొయ్యబండిలోనో, బిడ్డ బరువు బిడ్డ కాళ్లమీదనే యుండును.

మేము వెదకినది ఈ రెండును గాదు. బిడ్డ కూర్చుండగా పెద్దలు త్రోయునది. ఇది మొదట ప్రభువుల యిండ్లలో పుట్టినది. 1733 ప్రాంతమున ఇంగ్లండులో విలియం కెంటు అను శిల్పి డెవన్‌షైరు డ్యూకుగారి బిడ్డలకొఱకు చిన్న జంతువు లాగదగిన బండి నొకదానిని కల్పించెను. పందొమ్మిదవ శతాబ్దపు నడుమ మనుష్యులు త్రోయు బండ్లు వెలసినవి. ఆ తొలినాటి బండ్లలో పెక్కింటికి మూడు చక్రములే. 1965లో ఓవెన్ మెక్లారెను అను విమానశాస్త్రవేత్త గొడుగువలె ముడుచుకొను తేలిక బండిని రూపొందించెను. అంతకుముందు స్పిట్‌ఫైరు యుద్ధవిమానమునకు నేల నానుకొను చక్రముల యమరిక చేసిన చేతులే యివి. 1984లో అమెరికాలోని యాకిమా పట్టణమున ఫిల్ బేక్లరు అను పత్రికారచయిత, బిడ్డను వెంటబెట్టుకొని పరుగెత్తవలెనను కోరికతో, బిడ్డబండికి సైకిలు చక్రములు తగిలించెను. నేడు అంగళ్లలో కానవచ్చు పెద్ద చక్రముల మూడుచక్రముల బండ్లకు అదియే మూలము.

ఇక నెన్నిక మాట. సంస్కృతము చదివినవారికి మృచ్ఛకటికములోని రోహసేనుడు జ్ఞప్తికి రాకమానడు. పొరుగింటి బాలుని బంగారు బండితో ఆడిన చారుదత్తుని కొడుకు, మట్టిబండి నొల్లక యేడ్చును. వసంతసేన తన నగలు తీసి ఆ మట్టిబండిని నింపును. నాటకమునకు ఆ బండియే పేరైనది. కాని మన కాలమున ఏడ్చునది బిడ్డ గాదు, తండ్రి. పట్టణపు బంధువుల యింట చూచిన బండి కంటె తక్కువది కొనినచో చిన్నతనమని తలచి, పానీయపు గ్లాసు నిలుపు అర యున్నది, రంగుల గుడ్డ యున్నది యని విలువకు మించి వెచ్చించు వారిని మే మెఱుగుదుము. బిడ్డకు కావలసినది అర కాదు. కుదుపు లేని ఆసనము, పడనీయని పట్టీ, గాలి తగులు నీడ.

మూడా, నాలుగా యనుటకు మా పాఠశాలలోని లెక్కల పంతులుగారు చక్కని సమాధానము చెప్పిరి. మూడు రాళ్ల పొయ్యిమీద కుండ కదలదు. నాలుగు కాళ్ల బల్ల మిట్టపల్లముల నేలపై ఒక కా లెత్తి కుంటును. ఏలయనగా ఏ మూడు బిందువులైనను ఒకే తలమున నుండును. నాలుగవది ఆ తలమున నుండవలెనను నియమము లేదు. మా వీధి సిమెంటు పగిలి కంకర తేలినది; దానిమీద మూడు చక్రములును ఎల్లప్పుడు నేల నంటియుండును. చక్రము పెద్దదైనకొలది గులకరాయి దానికి చిన్నదగును. ఎడ్లబండికి అంత పెద్ద చక్ర మేల పెట్టిరో ఆలోచించినవారికి ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు.

అయితే ఈ సుగుణమునకు వెల యున్నది. మూడు చక్రముల ఆధారము త్రికోణము. ముందు కొస సన్నము. బిడ్డ ప్రక్కకు వ్రాలినపుడో, మలుపులో వేగముగ త్రిప్పినపుడో బరువు త్రికోణము వెలికి జరిగి బండి యొరుగును. కావున వెనుక చక్రముల నడుమ వెడల్పు, ఆసనపు టెత్తు చూడవలెను. ఆసనము మఱీ క్రిందుగ నున్నను కీడే. ఇంగ్లండులోని సర్రే విశ్వవిద్యాలయమువారు 2018లో వెల్లడించిన పరిశీలనలో, బండిలో క్రిందుగ కూర్చున్న శిశువులకు పెద్దలకంటె మోటారుబండ్ల పొగ ఎక్కువగా సోకునని తెలిపిరి. పామాయిలు గెలల ట్రాక్టర్లు తిరుగు మా రోడ్డుమీద ఇది పుస్తకములోని మాట కాదు.

ఖమ్మములోని యొక దుకాణమునకు మేము ఎనిమిది కిలోల బియ్యపు సంచితో పోతిమి. దుకాణదారు నవ్వి, “సార్, నాలుగు చక్రాలదైతే తేలిగ్గా మడుచుకుంటది, బస్సులో కూడా పట్టుద్ది,” అనెను. అతని మాట నిజమే. సంచిని ఆసనమున పెట్టి, పట్టీలు బిగించి, దుకాణము ముందున్న గతుకుల మీద రెండు బండ్లను త్రోసి చూచితిమి. చిన్న చక్రముల బండి ప్రతి గుంటలోను తల వంచినది; పెద్ద గాలిచక్రముల బండి దాటిపోయినది. ముందు చక్రము విసురుగ తిరుగునట్లుండి, గతుకులలో కదలకుండ బిగించుటకు వీలున్నదానినే యేర్పఱచుకొంటిమి. బరువు మాత్రము పది కిలోలకు తగ్గదు. 2023 డిసెంబరు 9 నుండి మన ఆడువారికి ఆర్టీసీ పల్లెవెలుగు బస్సులలో టికెట్టు లేదు గాని, ఆ బస్సు మెట్టు ఎత్తు తగ్గలేదు. బిడ్డను, బండిని ఒక్కతె యెక్కించుట దుస్తరము. బస్సు ప్రయాణమునకు బిడ్డను గుడ్డతో ఒడలికి కట్టుకొనుటయే మేలని మా యింటివారు తీర్మానించిరి.

కొనబోవువారు గమనింపదగిన మఱికొన్ని సంగతులు. పట్టీలు ఐదుండవలెను: భుజములకు రెండు, నడుమునకు రెండు, కాళ్లనడుమ నొకటి. మెడ నిలువని బిడ్డను, అనగా ఆఱు నెలలలోపువారిని, వెల్లకిల పరుండబెట్టుటకు వీలున్న ఆసనముననే యుంచవలెను. పెద్ద చక్రము లున్నవి గదా యని ఆ వయసున బండితో పరుగెత్తరాదు. బ్రేకు వెనుక చక్రముల రెంటిని పట్టవలెను. పిడికి కూరల సంచి తగిలించినచో బిడ్డను దింపినతోడనే బండి వెనుకకు తిరుగబడును. మడుచునపుడు బిడ్డ వ్రేళ్లు కీళ్లలో పడకుండ చూడవలెను. అన్నిటికంటె ముఖ్యము: ఎండ తగులునని బండిని గుడ్డతో మూయరాదు. లోపలి గాలి కదలక వేడెక్కును. వేసవిలో నలుబది డిగ్రీలు దాటు మా ప్రాంతమున మధ్యాహ్నము బండి త్రోయకుండుటయే విజ్ఞత.

ఇంతవఱకు బండి సంగతి. కాని మా యింటి చర్చ నిలిచినది చక్రములవద్ద కాదు. మా తల్లిగారు తొలినాడే, “బండెందుకు నాయనా? పెద్దది ఉంది గదా, చంకనేసుకుంటది. మేమంతా అట్లా పెరిగినోళ్లమే,” అనిరి. పెద్దది యనగా మా పదియేండ్ల కూతురు. మా యింటివారు మెల్లగ, “దానికి పుస్తకాల సంచి బరువే చాలు అత్తయ్యా. చంకన బిడ్డుంటే చేతిలో పుస్తకం నిలవదు,” అని ప్రత్యుత్తర మిచ్చిరి. మా తల్లిగారు చాలసేపు మాటాడలేదు. తరువాత, తమ్ముని ఎత్తుకొనుటకే తమ్ము మూడవ తరగతిలో బడి మాన్పించిరని చెప్పిరి. ఆ తమ్ముడు చదివి ప్రభుత్వోద్యోగము చేసి పింఛను తీసికొనుచున్నాడు. ఆమె తమ పేరు నేటికిని ఒక్కొక్క యక్షరము కూడబలుకుకొని వ్రాయుదురు. ఈ సంగతి నలుబది యేండ్లకు పైగా ఆమెతో కాపురమున్న మేము అదియే మొదటిసారి వింటిమి. మఱునాడుదయము ఆమె, “చక్రాలు పెద్దవి చూడు నాయనా,” అని మాత్ర మనిరి.

ఉపాధ్యాయులమైన మేము ఇట్టి చంకలను నిత్యము చూచుచున్నాము. మిరప కోతల దినములలో తల్లి కూలికి పోవును. తరగతిలో నాలుగైదు బల్లలు ఖాళీ యగును. ఖాళీ యైనవి మగపిల్లల బల్లలు కావు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాల స్థాపించిరి. 2009నాటి విద్యాహక్కు చట్టము ఆఱు మొదలు పదునాలుగేండ్లవఱకు గల ప్రతి బిడ్డకును చదువు హక్కనినది. బడి తలుపు తెఱచియేయున్నది. గడపవద్ద అక్క చంకన తమ్ముడున్నాడు. ఆ తమ్ముని దింపుకొను చోటేది?

బండి దానికి సమాధానము కాదు. కూలి చేసికొనువారు పదికిలోల బండి కొనజాలరు, కొనినను మిరపచేని గట్టుమీద అది నడువదు. 1975 అక్టోబరు 2న ఆరంభమైన పథకమువలన అంగన్‌వాడీలు వచ్చినవి గాని, అచ్చటి ఆటపాటల చదువు మూడేండ్లు నిండినవారికి. 2005నాటి ఉపాధి హామీ చట్టమున, పనిచోట ఆఱేండ్లలోపు పిల్ల లైదుగురుండినచో వారిని చూచుటకు ఒక స్త్రీని నియమింపవలెనని వ్రాసిరి. ఆ వాక్యము వ్రాసినవారికి అక్క చంక సంగతి తెలియును. మిరపచేలయొద్దను అట్టి యేర్పాటు రావలెను. మూడేండ్లలోపు బిడ్డలను పగలు చూచు గది యొకటి ప్రతి గ్రామమున నున్నచో మా తరగతిలో బల్లలు నిండును.

చుట్టుపట్ల కోయ గూడెములలో తల్లులు బిడ్డలను గుడ్డతో ఒడలికి కట్టుకొని అడవిదారిన నడతురు. దానిని అనాగరికమనువారు, 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరమున వైద్యులు నెలతక్కువ శిశువులను తల్లి ఱొమ్మున కట్టించి కాపాడు పద్ధతి నెలకొల్పిరని తెలిసికొనవలెను. తల్లి ఒడలు బిడ్డకు మొదటి బండి. మేము బండి కొనినది తల్లి చేతులకు మాఱుగ కాదు; పదియేండ్ల చంకకు మాఱుగ.

బండి వచ్చిన తరువాత దానిని త్రోయువారెవరను ప్రశ్నము మిగిలినది. సాయంకాలము మేము త్రోయుచుండగా వీధి యరుగులమీదివారు కొందఱు నవ్విరి. మోటారుసైకిలు ట్యాంకుమీద బిడ్డను కూర్చుండబెట్టుకొని పట్టీ లేక పరుగెత్తించుట మగతనమట. నాలుగడుగులు నెమ్మదిగ త్రోయుట నామోషీయట. మూడవ వారమునకు నవ్వు తగ్గినది. ఒక యువకుడు వచ్చి చక్రములకు గాలి యెంత పట్టవలెనో యడిగెను. ఆ గడియలో మా పెద్దమ్మాయి లోపల లెక్కలు చేసికొనుచుండును. ఇష్టమైనపుడు తానును వచ్చి పిడి పట్టును. ఆడుకొనుటకు వచ్చును, పనికి రాదు.

ఈ బండి మాకు రెండేండ్లకు మించి యక్కఱలేదు. తరువాత, చంటిబిడ్డయు బడియీడు ఆడపిల్లయు ఉన్న యింటికి దానిని పంపుదమని మా తల్లిగారు ఇప్పుడే నిశ్చయించియున్నారు. కొనబోవు సోదరులు చక్రములు చూడుడు, పట్టీలు చూడుడు, బ్రేకు చూడుడు. అన్నిటికి ముందు, బండి లేనిచో మీ యింట బిడ్డను మోయునది ఎవరో, ఆమె వయసెంతయో విచారింపుడు.